లాటిన్‌లో ‘ఎగో పుదెత్’ ఎందుకు తప్పు?

‘నాకు సిగ్గుగా ఉంది’ అనడానికి మీరు ‘ఎగో పుదెత్’ అని రాశారు (‘ఎగో’ అంటే నేను). ఇక్కడ సిగ్గుపడే మనిషి కర్త కాదండీ. ఆ మనిషి ద్వితీయా విభక్తిలో ఉంటాడు, సిగ్గుకు కారణం షష్ఠిలో వస్తుంది: ‘మే స్తుల్తితియై మేయై పుదెత్’, అంటే నా తెలివితక్కువతనానికి నాకు సిగ్గుగా ఉంది. పైనితెత్ (పశ్చాత్తాపం), పిగెత్ (చిరాకు), తైదెత్ (విసుగు), మిసెరెత్ (జాలి) కూడా ఇంతే. ఈ ఐదింటినీ కలిపి బట్టీ పట్టేయండి.

క్రియ మాత్రం ఎప్పుడూ ప్రథమ పురుష ఏకవచనమే. కాలం మారితే పుదెత్, పుదేబత్, పుదుఇత్ అవుతుంది గానీ మనిషి మారితే మారదు: తే పుదెత్ (నీకు సిగ్గుగా ఉంది), నోస్ పుదెత్ (మాకు సిగ్గుగా ఉంది). ‘ప్లుఇత్’ (వాన పడుతోంది) లాంటి వాటికైతే మనిషే అక్కర్లేదు.

‘లికెత్’ చతుర్థి తీసుకుంటుంది: ‘మిహి ఈరె లికెత్’, నేను వెళ్లవచ్చు. ‘నాకు ఆకలిగా ఉంది’ అనే అలవాటు వల్ల ఇది మనకు తేలిక. అదే అలవాటుతో ‘ఒపోర్తెత్’కి కూడా ‘మిహి’ పెట్టేస్తాం, జాగ్రత్త. ‘మే ఈరె ఒపోర్తెత్’ (నేను వెళ్లాలి) అనాలి, ఇక్కడ మనిషి ద్వితీయలోనే ఉంటాడు.

మీ రెండో సందేహం, ‘పుగ్నాతుమ్ ఎస్త్’ (పోరు జరిగింది)లో కర్త ఎక్కడ అని. లేదు. అకర్మక క్రియకు కర్మ ఉండదు కాబట్టి కర్మణి ప్రయోగంలో కర్తగా మారడానికి ఏదీ మిగలదు. అందుకే వర్తమానంలో ‘పుగ్నాతుర్’, భూతంలో నపుంసకలింగ ఏకవచన రూపం ‘పుగ్నాతుమ్’తో పాటు ‘ఎస్త్’. తెలుగులో ‘పోరు జరిగింది’ అని రాయండి, టెన్షన్ ఉండదు. చతుర్థి తీసుకునే క్రియలకూ ఇదే పద్ధతి: ‘నన్ను ఒప్పించారు’కి ‘మిహి పెర్సువాసుమ్ ఎస్త్’.