నైవ్స్ అవుట్: మా పెద్దమ్మకు నచ్చని నర్సు

"అందరూ ఆకాశానికెత్తిన సినిమా మీకు ఏమాత్రం నచ్చకపోవడం జరిగిందా?" అని అడిగారు. జరిగింది. 2019లో వచ్చిన నైవ్స్ అవుట్. చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, హంతకుడెవరో చెప్పకుండా నా కోపం తీరదు.

రయన్ జాన్సన్ రాసి తీసిన ఈ సినిమా స్క్రీన్‌ప్లే ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. బాగా డబ్బున్న రచయిత తన 85వ పుట్టినరోజు రాత్రి గొంతు తెగి చనిపోతాడు. కూతురు, కొడుకు, కోడలు, అల్లుడు, మనవలు, అందరికీ ఆయన ఆస్తి మీదే కన్ను. కూపీ లాగడానికి డేనియల్ క్రెయిగ్ వస్తాడు. ఇంత సరంజామా ఉన్నాక ఎవరికైనా ఆశ పుడుతుంది కదా.

మా పెద్దమ్మ ఇంట్లో చూశాం. ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. అద్దె లైబ్రరీల నుంచి డిటెక్టివ్ నవలలు తెచ్చుకుని చదివిన తరం. మొదటి అరగంట బాగా ఆనందించారు. తర్వాత ఆ సూదిమందు సీను వచ్చింది. ముసలాయనకు రోజూ మందులెక్కించే నర్సు మార్తా, ఇంజెక్షన్ అయ్యాక సీసా లేబుల్ చూసి వణికిపోతుంది. కీటోరోలాక్ అనే నొప్పి మందు ఎక్కించాల్సిన చోట నూరు మిల్లీగ్రాముల మార్ఫిన్ వెళ్లిపోయిందని, ఇక పది నిమిషాలే మిగిలాయని అంటుంది. ఆ కాస్త సమయంలో ఆయన ఆమెను కాపాడటానికి ఒక నవలకు సరిపడా పథకం అల్లి, ఏ గేటు దగ్గర ఏం చేయాలో కూడా చెప్పి, తన గొంతు తానే కోసుకుంటాడు.

"ఆపరా ఒకసారి," అన్నారు పెద్దమ్మ. "నరంలోకి అంత మార్ఫిన్ పోయాక మనిషి ఇంత కథ చెబుతాడా? కళ్లు వాలిపోవాలి, ఊపిరి మందగించాలి. ఆ పిల్ల ముందు ఆయన కంటిపాపలు చూడొద్దూ? సూదిమొనంత అయిపోతాయి."

అసలు మార్ఫిన్ పడనే లేదు కాబట్టే లక్షణాలు లేవని, అదే క్లూ అని అభిమానులు వాదిస్తారు. ప్రేక్షకులకు క్లూ సరే, పక్కనే కూర్చున్న నర్సు కంటికి అది ఆనకపోతే ఎలా? చివర్లో డిటెక్టివ్ చెప్పే వివరణ ఇంకా విడ్డూరం. హంతకుడు సీసాల్లో మందులు మార్చినా, ఆ ద్రవం చిక్కదనాన్ని బట్టి మార్తా తనకు తెలియకుండానే సరైన మందే ఎక్కించిందట. అందుకే మంచి నర్సు అట! పెద్దమ్మకు ఇక్కడ నిజంగానే కోపం వచ్చింది. లేబుల్‌ను మూడుసార్లు చదవాలి: సీసా తీసేటప్పుడు, సిరంజిలోకి లాగేటప్పుడు, తిరిగి పెట్టేటప్పుడు. "చదవకుండా ఎక్కించిన దాన్ని మంచి నర్సు అంటే మేమంతా ఎవరం?" అన్నారు. మిగతా సినిమా ఆవిడ పెసరపప్పు ఏరుతూ చూశారు.

అబద్ధమాడితే మార్తాకు వాంతి వస్తుందట; అది చాలదన్నట్టు, ఇది మరొకటి. రచయితకు ఎక్కడ ఇరుకైతే అక్కడ మార్తా శరీరం సాయానికొస్తుంది.

ఇక హంతకుడు. క్రిస్ ఎవాన్స్ అంతటివాణ్ని పెట్టుకుని, చాలాసేపు దాదాపు పేరు మాత్రమే వినిపించి, తీరిగ్గా దింపుతారు. మన సినిమాలు చూసి పెరిగినవాళ్లకు వేరే క్లూ అక్కర్లేదు. ఫస్టాఫ్‌లో పని లేని పెద్ద నటుడు ఎందుకొస్తాడో మనకు తెలియదా? ఆ ఇంటివాళ్లుగా వేసిన జేమీ లీ కర్టిస్, టోనీ కొలెట్, మైకేల్ షానన్‌లకు మాత్రం తలా ఒక విచారణ, వీలునామా చదివే రోజు తలా ఒక కేక. పెళ్లికి పిలిచి కుర్చీ వేసి, విస్తరి వేయడం మర్చిపోయినట్టుంది.

రెండోసారి చూస్తేనే దాని గొప్పతనం తెలుస్తుందని ఒక స్నేహితుడు ఇప్పటికీ పట్టుబడుతున్నాడు. ఈ సలహా ఇచ్చేవాళ్లంటే నాకు మొదటి నుంచీ ఒళ్లుమంట. హంతకుడెవరో తెలిసిపోయిన హత్య సినిమాను ఇంకో రెండు గంటల పది నిమిషాలు చూడాలట! టికెట్ డబ్బులూ పాప్‌కార్న్ డబ్బులూ తనే పెట్టుకుంటానంటే అప్పుడు ఆలోచిస్తాను.