పది వరుసలంటే పది జాతులా?

ప్రశ్న: పగడం ముక్క నుంచి డీఎన్ఏ తీసి, అందులో నివసించే సూక్ష్మ శైవలాల ఐటీఎస్2 భాగాన్ని (శైవలాల రకాలను గుర్తించడానికి చదివే డీఎన్ఏ భాగం) చదివిస్తే పది రకాల డీఎన్ఏ వరుసలు వచ్చాయి. పది జాతులున్నట్టేనా?

జవాబు: కాదండీ, ఇక్కడే చాలామంది పొరబడతారు. ఒక్క శైవల కణంలోనే ఐటీఎస్2 నకళ్లు వందల్లో ఉంటాయి. అన్నీ అచ్చు ఒకేలా ఉండవు. నమూనా తర్వాత నమూనాలో కలిసే, దాదాపు అదే నిష్పత్తిలో కనిపించే వరుసలను ఒకే శైవలానివిగా లెక్కించండి. ఈ వరుసలను విశ్లేషించే సిమ్‌పోర్టల్ అనే సాఫ్ట్‌వేర్ చేసేది ఇదే.

ఇంకా అనుమానముంటే హరితరేణువులోని పీఎస్‌బీఏ జన్యువు పక్క భాగాన్నీ చదివించండి. పర్షియన్ గల్ఫ్‌లో వేడిని తట్టుకునే క్లాడోకోపియం థెర్మోఫిలమ్ అనే శైవలం ఐటీఎస్2లో మామూలు సీ3 రకంగానే లెక్కకొచ్చేది. 2015లో దాన్ని వేరు జాతిగా తేల్చడానికి ఆ భాగమే అక్కరకొచ్చింది.

పీసీఆర్‌లో (డీఎన్ఏ భాగాన్ని నకళ్లుగా పెంచే పద్ధతి) జెల్‌పై డీఎన్ఏ పట్టీ రాలేదా? పగడపు జిగురు అడ్డుపడి ఉండొచ్చు. డీఎన్ఏను పది రెట్లు పలచన చేసి మళ్లీ నడపండి. పీసీఆర్ చక్రాల సంఖ్య మాత్రం పెంచకండి, రెండు వరుసలు అతుక్కుని లేని రకాలు పుట్టుకొస్తాయి. ముక్కను 95 శాతం ఇథనాల్‌లో ఉంచండి. ఫార్మలిన్ డీఎన్ఏను పాడుచేస్తుంది.