పాత యుద్ధభూములకు సైనికాధికారులను ఎందుకు తీసుకెళ్తారు?

చరిత్ర వినిపించడానికి కాదు, అరకొర సమాచారంతో నిర్ణయం తీసుకోవడం నేర్పడానికి. మ్యాపులో నాలుగు గీతలుగా కనిపించే గుట్ట, దాని కింద నిలబడితే అవతలి సైన్యాన్ని పూర్తిగా దాచేస్తుంది. ఎత్తు, దూరం, చూపు ఆనే మేర నడిచి చూస్తేనే తెలుస్తాయి. అమెరికా సైన్యంలో 1906లో మేజర్ ఈబెన్ స్విఫ్ట్ తన విద్యార్థులను అమెరికా అంతర్యుద్ధం నాటి చికమాగా యుద్ధభూమికి తీసుకెళ్లి ఈ పద్ధతికి నాంది పలికారు.

అదే అంతర్యుద్ధంలో మరో పోరు జరిగిన గెటిస్‌బర్గ్‌నే తీసుకోండి. 1863 జులై 1 సాయంత్రం, వీలైతే సెమెటరీ హిల్ అనే గుట్టను పట్టుకోమని దక్షిణాది సేనాని జనరల్ లీ పంపిన ఆదేశం ఆయన కింద పనిచేసే జనరల్ యూయెల్‌కు అందింది. యూయెల్ దాడి చేయలేదు. ఇప్పుడు అక్కడికి వెళ్లిన అధికారి యూయెల్ స్థానంలో నిలబడి జవాబు చెప్పాలి: దళాలు అలసిపోయాయి, పైన ఫిరంగులున్నాయి, పొద్దు వాలుతోంది, మీరైతే ఏం చేస్తారు? యూయెల్‌ను తప్పుపట్టడం పుస్తకం ముందు కూర్చున్నప్పుడే సులువు.

గైడు వెంట తిరిగితే చాలన్నది చాలామందిలో ఉన్న అపోహ. ముందే చదువుకోకుండా వెళ్తే మిగిలేవి ఫొటోలే. కాబట్టి ఏర్పాట్లలో బస్సు, భోజనాల కన్నా ముందు తేల్చాల్సినవి వేరే ఉన్నాయి: ఎవరికి ఏ సేనాని పాత్ర, ఎక్కడ ఆగాలి, అక్కడ ఏ ప్రశ్న అడగాలి, చివర్లో చర్చకు ఎంత సమయం ఉంచాలి.