పేగులు బాగుంటే ఒళ్లంతా బాగుంటుందా?

ఒడిశాలోని రాయగడలో మా పెద్దలు ఎప్పుడూ చెప్పే ఈ మాట చాలావరకు నిజమే. మనకు అరగని పీచును పెద్దపేగులోని బాక్టీరియా పులియబెట్టి బ్యుటిరేట్ వంటి ఆమ్లాలను తయారుచేస్తుంది. పేగు లోపలి పొర కణాలకు అదే ప్రధాన ఇంధనం కనుక ఆ పొర గట్టిగా ఉండి, హానికర పదార్థాలను రక్తంలోకి చేరనివ్వకుండా అడ్డుకుంటుంది. మెదడులో మన మానసిక స్థితిపై ప్రభావం చూపే సెరటోనిన్ అనే రసాయనం శరీరంలో ఉన్నదాంట్లో సుమారు 90 శాతం పేగుల్లోనే తయారైనా, అది నేరుగా మెదడుకు చేరదు. కాబట్టి పెరుగు తింటే దిగులు పోతుందన్న ప్రచారాన్ని నేను నమ్మను.

పెద్దవారికి రోజుకు కనీసం 25 గ్రాముల పీచు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 100 గ్రాముల చోళ్లలో (రాగుల్లో) దాదాపు 11 గ్రాములు ఉంటుంది గనుక మన చోడి అంబలి మంచి ఆధారమే. ఒడియావారు పఖాళ అనే చద్దన్నంలో పులియబెట్టే బాక్టీరియా ఉంటుంది గానీ, పీచు తక్కువ; పక్కన ఆకుకూర ఉండాలి.