రక్షణ బడ్జెట్‌కు కోత పెడితే దెబ్బ ఎవరికి? ఒక మాజీ హవల్దార్ జవాబు

లోటు తగ్గించుకోవడానికి అమెరికా 2011లో రక్షణ ఖర్చు మీద బేరం ఎలా తెంపుకుంది, మన దగ్గర అలా జరుగుతుందా అని అడిగారు. నేను 17 ఏళ్లు ఆర్మీలో క్లర్కుగా చేసి హన్మకొండలో ఉంటున్నవాణ్ని. నాకు అర్థమైంది చెప్తా.

అసలు అక్కడ బేరం తెగలేదు, అందుకే కోత పడింది. ప్రభుత్వం చేయగల అప్పు పరిమితి పెంచాలంటే ఖర్చు తగ్గించాల్సిందేనని రిపబ్లికన్లు పట్టుబట్టారు. ఆగస్టులో చట్టం చేసి, రెండు పార్టీల నుంచి ఆరుగురేసి, 12 మందితో కమిటీ వేశారు. పదేళ్లలో కనీసం 1.2 లక్షల కోట్ల డాలర్లు మిగిల్చే దారి చూపాలి. లేదంటే కోత దానంతటదే పడుతుంది, సగం రక్షణ మీద, సగం మిగతా పద్దుల మీద. ఆ భయానికైనా దిగొస్తారనుకున్నారు. రిపబ్లికన్లేమో పన్నులు పెంచం అన్నారు, డెమోక్రాట్లేమో పన్నులు పెంచకుండా మెడికేర్ (ముసలివాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) జోలికి రానివ్వం అన్నారు. నవంబరులో కమిటీ చేతులెత్తేసింది.

2013 మార్చి 1న కోత మొదలైంది. సైనికుల జీతాలు ముట్టుకోలేదు. దాంతో కొన్ని స్క్వాడ్రన్ల విమానాలు ఎగరడం ఆగింది, రక్షణ శాఖ సివిలియన్ ఉద్యోగులు చాలామంది జీతం లేకుండా ఆరు రోజులు ఇంట్లో కూర్చున్నారు. యుద్ధాల పద్దు మాత్రం ఆ చట్టం ఖర్చుకు పెట్టిన పరిమితికి బయటే ఉంది, తర్వాత మామూలు ఖర్చులు కూడా కొన్ని అందులోకి నెట్టారు. ఏ దేశమైనా లెక్కలవాళ్లు లెక్కలవాళ్లే.

మా యూనిట్‌లోనూ పొదుపు ఆర్డరు వస్తే కోసేది బండ్ల డీజిల్, బ్యారక్ సున్నం, స్టేషనరీ. ఓ మార్చిలో పాత ఉత్తరాల వెనకవైపు టైపు కొట్టాను. జీతాల బిల్లులో మాత్రం పైసా తగ్గేది కాదు.

ఇక మన సంగతి. 2025-26 రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్లు, అందులో పింఛన్లే 1.60 లక్షల కోట్లు. నాదీ అందులోదే, దాచడం దేనికి? ఎప్పుడు రిటైరైనా ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు ఉన్నవాళ్లకు ఒకే పింఛను ఇచ్చే ‘ఒకే ర్యాంకు ఒకే పింఛను’ 2015లో ప్రకటిస్తే స్వీట్లు పంచినవాణ్ని. ఉన్నవాళ్ల పింఛను తీసే ధైర్యం ఏ పార్టీకీ లేదు. అందుకే కొత్తగా వచ్చేవాళ్ల దగ్గర తగ్గించారని నా అభిప్రాయం. 2022 జూన్ 14న సైన్యంలో జవాన్లను తీసుకునే కొత్త పథకం అగ్నిపథ్ ప్రకటించారు. నాలుగేళ్లు, చివర్లో సుమారు 11.71 లక్షలు, పింఛను లేదు, 25 శాతం వరకే కొనసాగింపు. సైన్యంలో సగటు వయసు తగ్గించడానికని ప్రభుత్వం చెప్పింది, అదీ ఒక కారణమే కావచ్చు.

మా అక్క కొడుకు అప్పటికే పరుగు, మెడికల్ పాసై రాతపరీక్ష కోసం చూస్తున్నాడు. అది రద్దయింది. జూన్ 17న అగ్నిపథ్ మీద ఆందోళనకు సికింద్రాబాద్ స్టేషన్‌కు పోతానంటే అక్క తలుపుకు అడ్డం కూర్చుంది. ఆ రోజు పోలీసు కాల్పుల్లో చనిపోయింది మన వరంగల్ జిల్లా పిల్లగాడే.

"మామా, నీ పింఛను కోసమేనా నాది ఆపింది?" అని వాడు ఓసారి అడిగాడు. లెక్కలు చెప్పబోయి ఆగిపోయాను. వాడిప్పుడు కానిస్టేబుల్ పరీక్షకని, అప్పుడు ఆర్మీ కోసం పరిగెత్తిన అదే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో పరిగెత్తుతున్నాడు.