మైనస్ 656 నానోమీటర్లా?

ప్రశ్న: హైడ్రోజన్‌లో ఎలక్ట్రాన్ 3వ స్థాయి నుంచి 2వ స్థాయికి దిగితే వెలువడే కాంతి తరంగదైర్ఘ్యం ఎంత? ఒకసారి చేస్తే −656 నానోమీటర్లు వచ్చింది, మళ్లీ చేస్తే 253. పుస్తకంలో 656 అని ఉంది. తప్పెక్కడ?

జవాబు: రెండుసార్లూ దెబ్బతీసింది మైనస్ గుర్తే, కాకపోతే వేర్వేరు చోట్ల. −13.6ను స్థాయి సంఖ్య వర్గంతో భాగిస్తే ఆ స్థాయి శక్తి ఎలక్ట్రాన్ వోల్టుల్లో వస్తుంది. 2వ స్థాయికి −3.40, 3వ స్థాయికి −1.51. చేరిన స్థాయి శక్తిలోంచి బయలుదేరిన స్థాయి శక్తిని తీసేయాలి:

−3.40 − (−1.51) = −1.89

ఈ మైనస్ ఉండాల్సిందే. పరమాణువు అంత శక్తిని పోగొట్టుకుందని అది చెబుతోంది. దాన్ని పట్టుకుపోయిన ఫోటాన్ (కాంతి కణం) శక్తి మాత్రం 1.89, ఫోటాన్‌కు రుణశక్తి ఉండదు. 1240ని (ప్లాంక్ స్థిరాంకం, కాంతివేగాల లబ్ధం, ఎలక్ట్రాన్ వోల్ట్-నానోమీటర్లలో) 1.89తో భాగిస్తే 656. అదే హైడ్రోజన్ వర్ణపటంలోని ఎర్ర గీత. మొదటిసారి మీరు పరమాణువు లెక్కలోని మైనస్‌ను ఫోటాన్‌కూ అంటగట్టారు.

రెండోసారి బ్రాకెట్ ఎగిరిపోయింది. −3.40 − 1.51 అని వేస్తే −4.91, గుర్తు వదిలేసి భాగిస్తే సరిగ్గా మీ 253 వస్తుంది. నిజానికి ఈ తప్పే ప్రమాదకరం. తరంగదైర్ఘ్యం మైనస్‌లో వస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది, 253 చూస్తే రాదు. దీన్ని పట్టుకోవడానికి ఒక హద్దు గుర్తుపెట్టుకోండి: పై స్థాయి ఎంత ఎత్తులో ఉన్నా, 2వ స్థాయికి దిగేటప్పుడు 3.40 ఎలక్ట్రాన్ వోల్టులకు మించి వెలువడదు. అంటే బామర్ శ్రేణిలో (2వ స్థాయికి దిగేటప్పుడు వచ్చే గీతల వరసలో) ఏ గీతా సుమారు 365 నానోమీటర్ల కిందికి రాదు.

ప్రశ్న: గతిజశక్తి ఎప్పుడూ ధనాత్మకమే కదా, మొత్తం శక్తి రుణాత్మకం ఎలా అయింది? అయనీకరణ శక్తికి మళ్లీ ప్లస్ ఎందుకు?

జవాబు: సున్నాను ఎక్కడ పెట్టుకున్నామో చూడండి. ఎలక్ట్రాన్ కేంద్రకానికి అనంత దూరంలో, కదలకుండా ఉన్నప్పుడు సున్నా. 1వ స్థాయిలో గతిజశక్తి +13.6, స్థితిజశక్తి −27.2, కలిపితే −13.6. అక్కడి నుంచి సున్నాకు చేర్చాలంటే 0 − (−13.6), అంటే +13.6 మనం ఇవ్వాలి. అదే అయనీకరణ శక్తి. అన్నట్టు, −1.51 కన్నా −3.40 కింది స్థాయి. గుర్తు చూడకుండా అంకెలు పోల్చి నిచ్చెనను తలకిందులు చేసేవాళ్లు చాలామందే ఉన్నారు.