ముందు కత్తెర, ఆ తర్వాతే చాకు

బెంగళూరు

చిరంజీవి అమ్మలును అత్తయ్య దీవించి రాయునది.

నువ్వు పంపిన మూడు ఫోటోలూ చూశాను. ఒకటి నల్లపూత పూసిన పెద్ద మడత చాకు. రెండోది ముప్పై పనులు చేస్తానని పెట్టె మీదే గొప్పలు రాసుకున్న మల్టీటూల్. మూడోది ఎర్రటి పిడితో వేలంత ఉన్నది. ఏది కొనమంటావని అడిగావు. ఈలోపే మీ నాన్న ఫోను చేసి, ఆడపిల్ల సంచిలో చాకెందుకని విసుక్కున్నాడు. పీణ్యలో పరికరాల మరమ్మతు విభాగంలో పనిచేసినన్నాళ్లూ నా సంచిలో చాకు ఉండేది. మీ అక్క పెళ్లిలో పందిరి తాళ్లు కోయడానికి వాడు అడిగి తీసుకున్నదీ దాన్నే. ఆ సంగతి గుర్తుచేసేసరికి మాట మార్చాడు. ఇంటి అనుమతి వచ్చేసిందనుకో.

ఏది కొనాలో తేల్చేముందు ఒక పని చెయ్యి. ఆస్పత్రులకూ ల్యాబులకూ యంత్రాలు బిగించడానికి వెళ్తావు కదా. పనిముట్ల పెట్టె తెరిచేంత పని లేక ఎవరినో ఏదో అడిగి తీసుకున్న సందర్భాలన్నీ ఒక వారం పాటు కాగితం మీద రాసుకో. మా విభాగంలో నా దగ్గరికి చేయి చాచినవాళ్లు ఎక్కువగా అడిగింది కత్తెర. లేబులుకు కట్టిన దారం, మందుల పట్టీ, చీరంచున వేలాడే పోగు, గాయానికి అంటించే ప్లాస్టరు, అన్నిటికీ కత్తెరే. తర్వాత స్క్రూడ్రైవర్: బ్యాటరీ మూత, కళ్లద్దాల కాడ, వదులైన ప్లగ్గు. ఆ తర్వాత ముల్లు తీసే చిన్న పట్టకారు, చెక్కపెట్టెలు విప్పాక అరచేతిలో దిగిన పేడు కోసం. బ్లేడే కావాలన్న పనులు అట్టపెట్టె టేపు కోయడం, మధ్యాహ్నం జామకాయ కోసుకోవడం, ఇంకా ఒకటో రెండో. నీ కాగితం మీదా ఇంచుమించు ఇదే వరస వస్తుందని నా నమ్మకం.

అందుకే కత్తెర బాగున్నదాన్ని ముందు ఏరు. నువ్వు రోజూ తిప్పే మరలకు సరిపడే స్క్రూడ్రైవర్ దానిలో ఉందేమో చూడు. బ్లేడు సంగతి చివర ఆలోచించు. అమ్మేవాళ్లు ఈ వరసను తలకిందులు చేసి చూపిస్తారు, ఎందుకంటే ఫోటోలో మెరిసేది బ్లేడే.

ఈ వస్తువుల పుట్టుక కూడా అవసరం దగ్గరే మొదలైంది. స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సెనర్ 1884లో ఇబాఖ్ అనే ఊళ్లో కత్తుల పని మొదలుపెట్టి, 1891లో సైన్యానికి చాకులు అందించాడు. సైనికుడికి డబ్బాలో వచ్చే ఆహారం తెరవాలి, తుపాకీ విప్పి శుభ్రం చేసుకోవాలి. కనుక బ్లేడుతో పాటు డబ్బా మూత తీసేది, స్క్రూడ్రైవర్, రంధ్రం పొడిచే ములుకు పెట్టారు. 1897లో అధికారుల కోసం తేలికైన రకానికి హక్కులు నమోదు చేయించుకున్నాడు. అతని కంపెనీ విక్టోరినాక్స్ పేరుతో ఈనాడు చేసే ఎర్ర మడత చాకులు దాని సంతానమే. అమెరికాలో టిమ్ లెదర్‌మన్ కథ వేరు. 1975లో పాత ఫియట్ కారులో ఐరోపా తిరుగుతుంటే అది మాటిమాటికీ మొరాయించేదట. జేబులో చాకు ఉంది, ప్లయర్ లేదు. ప్లయర్ కూడా ఇమిడే చాకు తయారుచేసి అమ్మడానికి 1983 దాకా పట్టింది. ఎర్ర చాకుకూ మల్టీటూల్‌కూ ఉన్న తేడా అంతా ఇక్కడే ఉంది. ప్లయర్ అక్కర లేనివాళ్లు రెండోదాన్ని మోయడం దండగ.

నీకు ప్లయర్ అక్కరేనా? ఉద్యోగంలో అక్కరే, కానీ కంపెనీ ఇచ్చిన పెట్టెలో అంతకంటే మంచిది ఉంది. లెదర్‌మన్ కంపెనీ వేవ్ ప్లస్ లాంటి మల్టీటూల్ 241 గ్రాములు తూగుతుంది. మొదటి వారం ముచ్చటగా నడుముకు తగిలించుకుంటావు, రెండో వారం సంచి అడుగుకు చేరుతుంది, మూడో వారం ఇంట్లో సొరుగులో ఉంటుంది. ప్లయర్ తప్పదనిపిస్తే వాళ్లదే స్కెలిటూల్ అనే రకం ఉంది, 142 గ్రాములు. అందులో కత్తెర లేదు కాబట్టి నా లెక్కలో వెనకబడింది. ముప్పై పనుల పెట్టె గురించి మాట్లాడను. ఒక్కో పనిముట్టునూ కాగితంలా పలచన చేస్తే తప్ప అన్ని పనిముట్లు ఆ ధరకు రావు.

వేలంత ఉన్నది విక్టోరినాక్స్‌లో క్లాసిక్ అనే 58 మిల్లీమీటర్ల రకం. బుజ్జి బ్లేడు, కత్తెర, గోరు రాసే ఆకురాయి, చిన్న పట్టకారు, పళ్లు కుట్టుకునే పుల్ల. దాని కత్తెర చూసి నవ్వుకోవద్దు, కుట్టు దారం దగ్గర పెద్దవాటికి తీసిపోదు. అయితే స్టార్ స్క్రూడ్రైవర్ లేదు, ఆకురాయి కొనతోనే చిన్న మరలు తిప్పుకోవాలి. నీ పనికి ఇంకో మెట్టు ఎక్కమంటాను: 91 మిల్లీమీటర్ల సూపర్ టింకర్. రెండు బ్లేడ్లు, కత్తెర, వెనకవైపు స్టార్ స్క్రూడ్రైవర్, ములుకు, డబ్బా మూత తీసేది. ఆ డబ్బా మూత తీసే దాని కొన సన్నగా ఉంటుంది, చిన్న స్టార్ మరలోనూ పడుతుంది. పేర్ల దగ్గర జాగ్రత్త. ఉత్తి టింకర్‌లో కత్తెర ఉండదు. క్లైంబర్‌లో కత్తెర ఉంటుంది గానీ స్టార్ ఉండాల్సిన చోట సీసా బిరడా తీసే మెలికల చువ్వ ఉంటుంది. ల్యాబుల్లో బిరడా సీసాలు తెరిచే పని నీకు పడదనే అనుకుంటున్నాను.

ఇక ఆ నల్లటిది. దాన్ని నువ్వు కొనడం నాకు ఇష్టం లేదు, కారణాలూ చెప్తాను. ఆయుధాల నిబంధనల ప్రకారం 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడు ఉన్న కత్తులు ఆయుధాల కిందికి వస్తాయి. ఇంటి పనికీ, వ్యవసాయానికీ, పరిశ్రమకూ చేసినవాటికి మినహాయింపు ఉంది. నీ నల్లది అంత పొడవేమీ లేదు. కానీ మెట్రో గేటు దగ్గర నిలబడ్డ మనిషి చేతిలో కొలబద్ద ఉండదు. ఆస్పత్రి వరండాలో ఒక్క చేత్తో టక్కున తెరుచుకునే నల్ల చాకు తీస్తే రోగి బంధువులు రెండడుగులు వెనక్కి వేస్తారు. ఎర్ర చాకులోని కత్తెర తీస్తే మనవడి చొక్కా మీది లేబులు కూడా కత్తిరించి పెట్టమంటారు.

మెట్రో మాట వచ్చింది కదా, అది నీకు అన్నిటికంటే పెద్ద చిక్కు. వైట్‌ఫీల్డ్ నుంచి మెజెస్టిక్ దాకా రోజూ పర్పుల్ లైను ఎక్కేదానివి. సంచి స్కానరులోంచి పోవాల్సిందే, లోపలికి చాకులు తేకూడదు. ఆ రోజు అక్కడున్నవాళ్లు చిన్నదే కదా అని వదిలేస్తారన్న ధీమాతో కొనకు, ఆపితే వాదనకూ దిగకు. నేనైతే ఇలా చేస్తాను: సూపర్ టింకర్ కంపెనీ పనిముట్ల పెట్టెలోనే ఉంటుంది, ఆ పెట్టె బండిలో వెళ్తుంది. మెట్రో ఎక్కే రోజు సంచిలో బ్లేడు ఉన్నది ఏదీ ఉండదు. బ్లేడు లేకుండా చేసిన చిన్న మల్టీటూళ్లు కూడా అమ్ముతారు. అది కూడా ఆపితే ఆపారు, పెద్దగా పోయేదేమీ లేదు. విమానానికి వెళ్లేటప్పుడు చెక్-ఇన్ పెట్టెలో పెట్టు, చేతిసంచిలో వద్దు. బయలుదేరే ముందు రాత్రే అన్ని జేబులూ తడిమి చూసుకో. తాళాల గుత్తికి తగిలించుకున్న వేలంత చాకే ఎక్కువగా మరిచిపోతాం.

కొనడానికి అంగడికే వెళ్లు. ఎస్.పి. రోడ్డులో పనిముట్ల దుకాణాలు వరసగా ఉంటాయి, చిక్‌పేట మెట్రో నుంచి నడిచే దూరం. కన్నడంలో రెండు మాటలు మొదలుపెట్టు, అటునుంచి తెలుగు వచ్చినా వస్తుంది. చేతికి తీసుకున్నాక మొదట కత్తెర చూడు. సంచిలో ఖాళీ నందిని పాల ప్యాకెట్టు కడిగి పెట్టుకో. దాన్ని కత్తెర నోట్లో లోపలికంటా పెట్టకుండా, కొసలతో మాత్రమే కత్తిరించు. మంచి కత్తెర కొస దాకా తెగ్గొడుతుంది. నాసిది ప్లాస్టిక్కును మడిచి రెండు అంచుల మధ్య ఇరికించుకుంటుంది. తర్వాత దాని స్ప్రింగు చూడు, వదలగానే కత్తెర తనంతట తాను నోరు తెరవాలి.

ఆపైన బ్లేడు. గోటి గాడిలో గోరు పెట్టి మెల్లగా లాగు. సగం దాకా బిగువుగా వచ్చి, చివర టక్కుమని కూర్చోవాలి. మూసేటప్పుడూ అదే శబ్దం. తెరిచిన బ్లేడు కొన పట్టుకుని అటూ ఇటూ కదిలించు, పక్కకు ఊగితే తిరిగి ఇచ్చేయి. చాకును వెలుతురుకు ఎదురుగా పట్టి పొరల మధ్య సందు చూడు. వెన్ను మీద స్ప్రింగులన్నీ వేలికి ఒకే మట్టంలో తగలాలి. స్క్రూడ్రైవర్ అంచులు పలకలుగా ఉండాలి. గుండ్రంగా అరిగినట్టు ఉంటే అది మర తలను తినేస్తుంది. నకిలీ సరుకు ముద్రను అచ్చు గుద్దినట్టు దించుతుంది గానీ ఈ బిగువును తేలేదు.

ఉక్కు గురించి దుకాణాల్లో చాలా పేర్లు చెప్తారు. నీకు కావలసింది ఒక్కటే: ఎంత బిరుసుదైతే అంత కాలం పదును నిలుస్తుంది, ఇంట్లో సానపట్టడం అంత కష్టమవుతుంది. ఎర్ర చాకుల ఉక్కు బిరుసును చెప్పే రాక్‌వెల్ కొలతలో సుమారు 56, మధ్యరకం. తుప్పు తొందరగా పట్టదు, పదును త్వరగా పోతుంది, త్వరగానే తిరిగొస్తుంది. చెన్నైలో ఉన్న మీ చిన్నత్త ఫ్రాన్సు నుంచి ఎవరో తెచ్చిన ఒపినెల్ చాకు వాడుతుంది. చెక్కపిడి, కార్బన్ ఉక్కు, కోస్తే వెన్న మీద కోసినట్టే. కానీ నిమ్మకాయ తగిలితే నల్లబడుతుంది, సముద్రపు గాలికి నాలుగు రోజులు తుడవకపోతే తుప్పు. తడిస్తే చెక్క ఉబ్బి బ్లేడు బయటికి రానంటుంది. చూడ్డానికి మాత్రం వీటన్నిటికంటే అందమైనది, ఒప్పుకోవాలి.

సూపర్ టింకర్ బ్లేడుకు తాళం ఉండదు, వెన్నులోని స్ప్రింగు బలం మీదే నిలబడుతుంది. కనుక కొనతో పొడవకు, దేన్నీ పెళ్లగించకు. అలా నెడితే మడుచుకొచ్చి నీ వేళ్ల మీదే పడుతుంది. రంధ్రానికి ములుకు ఉంది, పెళ్లగించడానికి పెద్ద స్క్రూడ్రైవర్ ఉంది. అట్టపెట్టె టేపును కొన రెండు మిల్లీమీటర్లకు మించి దిగకుండా కోయి, లోపల కేబులు చుట్ట పైనే ఉండవచ్చు. కేబులు టై తీయడానికి బ్లేడు కింద దూర్చి పైకి లాగడం చాలామందికి అలవాటు. తీగ తొడుగు తెగేది అప్పుడే. టై తల దగ్గర ఒక చిన్న నాలుక ఉంటుంది. సన్నటి స్క్రూడ్రైవర్ కొనతో దాన్ని ఎత్తి పట్టుకుని పట్టీ వెనక్కి లాగు, టై మళ్లీ వాడుకోవచ్చు కూడా. ఇంకో మాట గట్టిగా చెప్తున్నాను: 230 వోల్టులు పారుతున్న చోట ఈ చాకును గానీ మల్టీటూల్‌ను గానీ దగ్గరికి తేవద్దు. పైన ఎర్ర ప్లాస్టిక్ కనిపిస్తుంది గానీ నీ వేళ్లు లోపలి లోహాన్ని తాకుతూనే ఉంటాయి.

పదును పోయిందనిపిస్తే కాఫీ కప్పు బోర్లించు. పింగాణీ కప్పు అడుగున మెరుగు లేని గరుకు అంచు ఉంటుంది. బ్లేడును పదిహేను, ఇరవై డిగ్రీల వాలులో పెట్టి, పిడి దగ్గర నుంచి కొన దాకా ఒక్కో వైపూ మార్చి మార్చి తేలికగా లాగు. వార్తాపత్రిక అంచు చిరగకుండా తెగితే చాలు. మరీ మొద్దుబారితేనే సానరాయి. వీధిలో చక్రం తిప్పే అతనికి వంటింటి కత్తిపీట ఇవ్వు, ఇది ఇవ్వకు. సన్నటి బ్లేడు రవ్వల వేడికి నీలిరంగు తిరిగిందంటే బిరుసు పోయినట్టే.

పండ్లు కోశాక గోరువెచ్చని నీళ్లలో రెండుసార్లు తెరిచి మూసి కడుగు, పూర్తిగా ఆరనివ్వు, కీలు దగ్గర ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వెయ్యి. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె వేయకు. అది 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, మన డిసెంబరు రాత్రులు అంతకంటే చల్లన. మిగతా కాలమంతా దుమ్ముతో కలిసి జిగురవుతుంది.

అడిగినవాళ్లకు ఇవ్వు గానీ కత్తెర తెరిచి ఇవ్వు. లేకపోతే వాళ్లు అన్నిటికంటే పెద్ద బ్లేడు తెరిచి దానితో మర తిప్పుతారు. చాకు చేతికి చెయ్యి ఇవ్వకూడదు, కింద పెడితే అవతలివాళ్లు తీసుకోవాలి అనేది మా అమ్మ, తగాదాలొస్తాయని. తగాదాల మాట ఎలా ఉన్నా వేళ్లకు అది మంచిదే, పాటించు.

ఆదివారం ఎస్.పి. రోడ్డులో చాలా దుకాణాలు మూసి ఉంటాయి. శనివారం పన్నెండింటికి చిక్‌పేట స్టేషన్ బయట ఉండు, నేనూ వస్తాను. పాల ప్యాకెట్టు నేను తెస్తాను, నువ్వు ఆ కాగితం తీసుకురా.

ఇట్లు,
మీ అత్తయ్య